పెద్దదాని పోగు

"తలకాయ తియ్యాల్నా, ఉంచాల్నా?"

భూపాలపల్లి ఆదివారం అంగట్లో చేపలమ్మే ఆమె అడిగింది. ఆమె ముందున్న పళ్ళెంలో వేలెడంత పరకలు వెండిలా మెరుస్తున్నాయి. అప్పటికే ఒక పరకను కత్తిపీటకు ఆనించి, నా జవాబు కోసం ఆగింది.

"ఉంచు. కడుపు గూడ తియ్యకు. గట్లనే ఇయ్యి," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కడుపు తియ్యకుంట ఎట్ల తింటవ్ బిడ్డా? చేదుంటది."

"నాకు గాదు."

ఎవరికో చెప్పలేదు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పగలిగిన మనిషి ఒకాయన ఉండేవాడు. తను చెప్పడమే కాదు, విన్నవాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకునేవాడు కూడా. ఆయన పోయి నెల దాటింది. నాకు అప్పగించి పోయిన రెండింటిలో పెద్దది ఇంకా ఇసుక కిందే ఉంది. అది బతికుందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి తవ్వకూడదు. తవ్వితే బతికి ఉన్నది కూడా చచ్చిపోతుంది.

అవేమిటో ముందు చెప్పాలి. బడి పుస్తకంలో వాటి పేరు సన్యాసి పీతలు. డోర్నకల్‌లో ఆయన వీధిలోవాళ్ళు శంఖం ఎండ్రికాయలు అనేవాళ్ళు. వేరే జీవి ఖాళీ చేసిన శంఖంలోకి దూరి, దాన్నే ఇల్లుగా వీపున మోస్తూ తిరిగే పీతలు. ఆయన కూతురు డిగ్రీ చదివేటప్పుడు కాలేజీవాళ్ళతో కలిసి సముద్రం చూడటానికి వెళ్ళి, ఒడ్డున మంచి మంచి శంఖాలు ఏరి, కవరులో వేసి తెచ్చి టీవీ పక్కన పెట్టింది. తెల్లవారేసరికి శంఖాలు ఇల్లంతా నడుస్తున్నాయి. ఆమె మంచమెక్కి అరిచిందట. ఆయన తలుపు మూసి, వంగి, అన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుని, "ఎవ్వలు కాలు కింద పెట్టకుండ్రి. ఐదున్నయి," అన్నాడట.

చెరువులో వదిలేద్దామని కూతురు అంది. మంచినీళ్ళలో ముంచితే ఊపిరాడక చస్తాయేమోనని ఆయనకు అనుమానం. సముద్రానికి మళ్ళీ పోయేవాళ్ళు ఎవరూ కనబడలేదు. అట్లా అవి ఇసుక పోసిన ఒక గాజుపెట్టెలో ఉండిపోయాయి.

ఆయన రైల్వే గేట్‌మన్. నేను పరిచయమయ్యేనాటికి రిటైరై, డోర్నకల్ స్టేషన్‌కు దగ్గర్లో సొంత ఇల్లు కట్టుకుని ఉన్నాడు. భార్య అంతకు ముందే పోయింది. కూతురికి పెళ్ళయి, జనగామలో బ్యాంకు ఉద్యోగం. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, మహబూబాబాద్‌లో ఇన్వర్టర్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో చేరి, ఆయన ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆయన్ను కాకా అనేవాణ్ణి. ఆయన నన్ను ఇంజినీరు అనేవాడు. ఆ పిలుపులో కొంచెం గౌరవం, ఎక్కువ వెక్కిరింత ఉండేవి.

చేరిన రోజునే నాకు నీళ్ళ మోటారు గురించి చెప్పాడు. "మోటరు ఎయ్యకముందు ఈ వాల్వు తిప్పాలె. బంద్ చేసినంక మళ్ళ తిప్పాలె. చెప్పు, నేనేం చెప్పిన?"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. "అర్థమైంది కాకా," అన్నాను.

"అర్థమైందా అని అడగలే. ఏం చెప్పిన?"

చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, అది ఆయన కొలువులోని పద్ధతి. స్టేషన్ నుంచి ఫోనులో బండి వస్తోందని చెప్తే, గేటు దగ్గర ఉన్నవాడు ఆ మాటను పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అప్పుడే ఆ మాట చేరినట్టు లెక్క. ముప్పై ఏళ్ళు అట్లా చేసిన మనిషికి, ఉప్పు ప్యాకెట్టు తెమ్మన్నా తిరిగి చెప్పించుకోకపోతే మనసు నిలిచేది కాదు.

కూతురు దీని మీద జోకులు వేసేది. "నా పెండ్లిచూపులల్ల గూడ గిదే కత తమ్ముడూ. మా అత్తమామలు వాళ్ళ పిలగాని పేరు, కొలువు, జీతం చెప్పిండ్రు. మా బాపు లేసి నిలవడి, ఆల్లు చెప్పిందంత మళ్ళ ఒక్కపాలి ఒప్పజెప్పిండు. ఆల్లు హడలిపోయిండ్రు, పోలీసు స్టేషన్ల స్టేట్మెంటు లెక్క."

"తప్పు చెప్పిన్నా?" అనేవాడు ఆయన.

"తప్పు చెప్పలే గని, లేసి నిలవడుడెందుకు బాపూ!"

ఆయన ఎడమ చంకలో ఎప్పుడూ ఏదో ఒకటి చుట్టి ఉండేది. కొలువులో ఉన్నన్నాళ్ళు ఎర్రజెండా, పచ్చజెండా. రిటైరయ్యాక గొడుగో, పేపరో, మునక్కాయల కట్టో. ఏదీ దొరక్కపోతే తువాలు. రోడ్డు దాటాలంటే అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి, అడుగు వేసి, ఆగి, ఇంకోసారి చూసేవాడు. ఇంటికి తాళం వేసి గుంజేవాడు. వాకిలి దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ గుంజేవాడు. నేను నవ్వలేదు. నాకూ అదే జబ్బు. నా భయాలను వరసలో పెట్టుకుంటే కొంచెం తేలికవుతుందని నేను నేర్చుకున్నాను. ఆయన వరస పెట్టుకోడు, వెళ్ళి ముట్టుకుని చూస్తాడు. మా ఇద్దరికీ అంతే తేడా.

ఒకసారి గేటు దగ్గర తన్నులు తిన్న సంగతి చెప్పాడు. బండి పోయింది. ఇవతల పెళ్ళివాళ్ళ ట్రాక్టరు, ఒక లీడరు కారు ఆగి ఉన్నాయి. గేటు తియ్యమని ఒకటే గోల.

"ట్రాక్టరు అడ్డమొచ్చి నాకు బండి తోక కనవడలే. ఆఖరి డబ్బా మీద గుర్తుంటది. అది చూస్తెనే బండి మొత్తం పోయినట్టు. చూడలే. స్టేషన్‌కు ఫోను కొట్టిన, ఎత్తలే. నేను తియ్యలే. లీడరు దిగొచ్చి అంగి పట్టిండు."

"వెనకనించి ఇంకేమన్న వచ్చిందా కాకా?" ఆత్రంగా అడిగాను.

"ఏం రాలే. బండి మంచిగనే మొత్తం పోయిందట. నేను ఉత్తగనే దెబ్బలు తిన్న." పళ్ళు కనబడేలా నవ్వాడు.

"మరి తప్పే గదా?"

నవ్వు ఆపేశాడు. "తప్పెట్లయితది? చూడలే గద."

ఇలాంటి మనిషికి ఇలాంటి జంతువు ఎట్లా దొరికిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. సన్యాసి పీతకు ఒళ్ళు పెరిగినప్పుడల్లా పైపెంకు వదిలించుకోవాలి. అందుకు ఇసుకలోకి దిగిపోతుంది. వారాలు, పెద్దదైతే నెలలు. ఆ కాలమంతా దాని ఒళ్ళు మెత్తగా, దిక్కులేకుండా ఉంటుంది. పైకి వచ్చేదాకా అది బతికుందో లేదో తెలుసుకునే మార్గం లేదు. దేన్నయినా ముట్టుకుని చూస్తే తప్ప నమ్మని మనిషి, అస్సలు ముట్టుకోకూడని దాని ముందు కూర్చునేవాడు. గాజుపెట్టె మీద తడి గోనెసంచి కప్పి, దాని మీద అరచేయి ఆనించి, "ఉన్నవా నాయినా," అనేవాడు.

వాటి తిండి దగ్గర ఆయన పట్టుదల చూడాలి. పీతలకు అన్నం మెతుకులు, కొబ్బరి, పండ్ల ముక్కలు కూడా పనికొస్తాయి. కానీ అసలు బలం మొత్తం జంతువులో ఉందని ఆయన నమ్మకం. ముక్క కోసి పెట్టడం ఒప్పుకోడు. చిన్న చేపను తలతో, కడుపుతో, తోకతో. రొయ్యను పెంకుతో, మీసాలతో. తొలకరికి దీపం చుట్టూ రాలిన ఉసిళ్ళను రెక్కలతో. నేను ఫోనులో వెతికి చూశాను. కండ ఒక్కటే పెడితే చాలదనీ, పెంకులో, ఎముకలో, లోపలి భాగాల్లో ఉన్నవన్నీ కొత్త పెంకు కట్టుకోవడానికి కావాలనీ రాసి ఉంది. ఆయనకు చెప్పాను.

"గిదే గద నేను చెప్పేది. పోగుల అన్నీ పడాలె."

ఆయనది నెల్లికుదురు దగ్గర తండా. అక్కడ పండగకు నాలుగైదు ఇళ్ళు కలిసి ఒక మేకను తెచ్చి కోస్తే, మాంసాన్ని ఆకుల మీద పోగులు పెడతారు. ప్రతి పోగులో అన్నీ ఉండాలి. ఇంత కండ, ఇంత కార్జం, ఇంత పేగు, ఒక బొక్క, తలలో ఒక తునక. ఒక పోగులో కార్జం పడకపోతే గొడవే. ఆయన తండ్రి పోగులు పెట్టడంలో పేరున్న మనిషి. వేళ్ళతో తూచేవాడట.

"ఒక్క పరక ఉందనుకో. గదే ఒక పోగు. దేవుడే పెట్టిండు. మనం తలకాయ తీస్తె పోగు ఖరాబైతది," అనేవాడు కాకా.

డోర్నకల్ చేపల దుకాణంలో ఆయన రోజూ జగడమాడేవాడు. చేపలామె చెయ్యి అలవాటుగా తల నరికేది.

"వద్దన్న గదవ్వా! మొత్తం గావాలె."

"పిల్లికా అన్నా?"

"ఎండ్రికాయలకు."

ఆమె కత్తి పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టేది. "ఓ అన్నా, ఎండ్రికాయలను మనం తింటం గని, మనం ఎండ్రికాయలకు తినిపిస్తమా? నాకు తెచ్చియ్యి, మంచిగ పులుసు పెట్టిస్త."

"నువ్వు నవ్వుడు ఆపి, నేనేం చెప్పిన్నో చెప్పు."

"తలకాయ తియ్యద్దు, కడుపు తియ్యద్దు, దిమాక్ తినద్దు!"

మేకను కోస్తుంటే పక్కనే నిలబడి చూసే మనిషి, మిడతను చంపలేడు. చంపకుండా ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చేవాడు. పెరుగు గిన్నె పక్కన మిడతల డబ్బా ఉండేది. పండక్కి వచ్చిన కూతురు డబ్బా మూత తీసి పెట్టిన కేకకు నేను ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చాను. ఆయన మాత్రం, "మెల్లగ మూతవెట్టు, లేస్తయ్," అన్నాడు.

ఆ మిడతలే చివరికి మూడింటిని తీసుకుపోయాయి.

ఆయన బామ్మర్ది నెల్లికుదురు నుంచి వస్తూ బావకు ఇష్టమని ఒక సీసా నిండా మిడతలు పట్టుకొచ్చాడు. పచ్చగా, దిట్టంగా ఉన్నాయి. ఆయన సంబరపడి ఒక్కోదానికి ఒక్కోటి పెట్టాడు. పెద్దది అప్పుడే కడుపు నిండా పరక తిని ఉంది, ముట్టలేదు. చిన్నదానికి అందేలోపు వేరేది లాక్కుంది. మిగిలిన మూడూ తిన్నాయి. మర్నాటికి మూడూ శంఖాల్లోంచి సగం జారి వేలాడుతున్నాయి. వాటి కాళ్ళు ఒక్కొక్కటే ఊడి ఇసుక మీద పడ్డాయి.

ఆయన పెట్టె ముందు కూలబడ్డాడు. నాకు అనుమానం వచ్చి బామ్మర్దికి ఫోను చేశాను. మిడతలు ఎక్కడివని అడిగాను.

"మా మిర్చి చేన్లయే."

"మందు కొట్టిండ్రా?"

"మొన్ననే కొట్టినం. అవునుల్లా!" బామ్మర్ది గొంతు మారింది. "మిడతలు సావలేదంటే మందు నకిలీదేమో! దుకాణపోన్ని పట్టుకోవాలె."

మందు నకిలీది కాదు. మిడత చావడానికి కొంచెం టైము పడుతుంది, అంతే. పురుగును చంపే మందు పీతనూ చంపుతుంది, రెండిటి ఒళ్ళూ ఒకే తీరు. ఊళ్ళో చేలన్నీ మందు తాగిన చేలే అయినప్పుడు, చేనులోంచి వచ్చిన ప్రేమ కూడా విషమే అవుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆయన మూడింటినీ జామచెట్టు కింద పాతాడు. తర్వాత చాలాసేపు పెట్టె ముందు కూర్చుని తనలో తనే గొణుక్కున్నాడు. నేను నీళ్ళు ఇవ్వడానికి దగ్గరికి వెళ్ళినప్పుడు వినబడింది.

"చెప్పు. ఏం పెట్టినవ్? మిడత పెట్టిన. ఎక్కడిది? అడగలే."

రెండు మిగిలాయి. ఆయన వాటికి పేర్లు పెట్టలేదు. పెద్దది, చిన్నది. అంతే.

తర్వాతి వేసవిలో ఆయనకు ఛాతీ నొప్పి మొదలైంది. గుండెకు పోయే రక్తనాళాలు మూసుకుపోయాయని, ఆపరేషన్ చెయ్యాలని హనుమకొండ దవాఖానలో చెప్పారు. అప్పటిదాకా జనగామలో కూతురి దగ్గర ఉండాలి. అదే నెలలో నాకు భూపాలపల్లి కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కూతురి ఇంట్లో అత్తగారికి చేపల వాసన పడదు. కాబట్టి గాజుపెట్టె నాతో రావాలని తేలింది. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు.

బయల్దేరే రోజు కారు వెనక సీట్లో పెట్టెను నా ఒళ్ళో పెట్టి, తడి గోనెసంచి కప్పి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. చంకలో గొడుగు.

"చెప్పు."

నేను వరసగా చెప్పాను. చేపను మొత్తంగా పెట్టాలి. మందు వేసిన ఎండుచేపలు వద్దు. చేను మిడతలు అసలే వద్దు. నీళ్ళకు రెండు గిన్నెలు, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో దొడ్డుప్పు కలిపినవి. గోనెసంచి ఆరనివ్వద్దు. ఏదైనా ఇసుకలోకి దిగితే తవ్వద్దు.

"ఒకటి మర్శినవ్."

"ఏంది కాకా?"

"కిందికి పోయినదాని పోగు."

తండాలో పోగులు పెట్టేటప్పుడు పనికి ఊరు దాటిపోయినవాడి ఇంటికి కూడా ఒక పోగు పెడతారు. మనిషి లేడని ఎగ్గొట్టరు. అట్లాగే, ఒకటి ఇసుకలో ఉంటే, అది దిగిన చోట పైన దాని వాటా పెట్టాలని ఆయన పద్ధతి.

"చిన్నదే తింటది గదా?" అన్నాను.

"తిననియ్యి. పైనున్నదాని కడుపు నిండితె కిందికి తవ్వదు. ఆకలయితె తవ్వి, మెత్తగున్నదాన్ని తింటది. గందుకే రెండు పోగులు. చెప్పు."

"కిందికి పోయినదాని పోగు."

"ఆ. ఇగ పో."

ఆ రోజే ఆయన్ను ఆఖరిసారి చూడటం.

భూపాలపల్లి క్వార్టర్‌కు చేరాక ఆయనకు రోజూ సాయంత్రం ఫోను చేసేవాణ్ణి. ఆయన ఎత్తగానే పలకరింపులు ఉండవు. "చెప్పు," అంటాడు. నేను చెప్తాను. "కండ్లతోని చూసినవా?" అంటాడు. చూశానంటే పెట్టేస్తాడు. కొద్ది వారాలకు పెద్దది ఇసుకలోకి దిగింది. ఆ సాయంత్రం నా మాట వినగానే అడిగాడు.

"ఏ మూలకు?"

"ఉప్పునీళ్ళ గిన్నె పక్కకు."

"పోగు పెట్టినవా?"

"పెట్టిన."

అక్కడినుంచి నా దిగులు మొదలైంది. భూపాలపల్లిలో చిన్న పరకలు ఆదివారం అంగట్లోనే దొరుకుతాయి. వారానికి సరిపడా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. కరెంటు తయారుచేసే ఊళ్ళో కరెంటు పోదనుకున్నాను. పోతుంది. పోయినప్పుడల్లా చేపలు మెత్తబడతాయేమోనని భయం. మెత్తబడ్డవి పారేస్తే పోగు తక్కువవుతుందని భయం. తక్కువైతే చిన్నది తవ్వుతుందని భయం. డ్యూటీలో మీటర్లు చూస్తూ కూడా, చిన్నది ఆ మూలకు పోయిందా అనే ఆలోచన. ఇంటికి రాగానే బూట్లు విప్పకుండా పెట్టె దగ్గరికే. చిన్నది పరకను ముందు కన్ను దగ్గర పట్టేది. పట్టకారులాంటి చిన్న డెక్కతో తుంచి, తీరిగ్గా నోటికి అందించుకునేది. పొద్దుటికి దువ్వెనలాంటి ముల్లు ఒక్కటే మిగిలేది. ఆ ముల్లును చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది. అది నిండుగా తింది, ఇవాళ్టికి తవ్వదు.

ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున పెట్టె మూత తీశాను. ఉప్పునీళ్ళ గిన్నె పక్కన ఇసుక కొంచెం చెదిరి ఉంది. దాని మీద ఒక కాలు పడి ఉంది. ఊదారంగు కాలు. పెద్దదాని కాలు.

మిర్చి చేను మిడతలు తిన్నవాటికి మొదట ఊడినవి కాళ్ళే.

రెండు కారణాలు సాధ్యం. ఒకటి, అది వదిలిన పాత పెంకు ముక్క పైకి వచ్చింది. అంటే బతికుంది. రెండు, అది లోపలే చచ్చింది, లేదా చిన్నది తవ్వి దాన్ని తినేసింది. అంటే లేదు. కాలును పట్టకారుతో ఎత్తి వెలుగుకు పెట్టాను. లోపల బోలుగా ఉంది, వెలుతురు దూరుతోంది. బరువు లేదు. కుళ్ళు వాసన లేదు. కానీ కండ తినేశాక మిగిలిన పెంకు కూడా బోలుగానే ఉంటుంది. నేను చదివిన చదువులో ఏ పరీక్షా దీన్ని తేల్చలేదు. తవ్వడం ఒక్కటే తేలుస్తుంది. చెంచా చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను.

మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, దవాఖాన వరండాలో ఉన్నట్టుంది.

"తమ్ముడూ, బాపు మస్తు పరేషాన్ ఉన్నడు. ఆపరేషన్ గురించి అడుగుతలేడు. పెద్దది పైకొచ్చిందా అని ఒకటే తీరు. సాయంత్రం నీకు చేస్తడు. వచ్చిందని చెప్పు. ఏం పోతది?"

"అక్కా, నేను చూడలేదు."

"చూడకున్నా చెప్పు. ఒక్క మాట. డాక్టరు మనసు నిమ్మలముండాలె అన్నడు. నీ కాళ్ళు మొక్కుత."

సరే అన్నాను. ఆ సమయానికి నిజంగానే చెప్పేద్దామనుకున్నాను. ప్లాంటులో ఉన్నంతసేపూ ఆ వాక్యాన్ని మనసులో అని చూసుకున్నాను. పెద్దది పైకొచ్చింది కాకా. మంచిగుంది. అనడానికి ఎంత తేలిక.

సాయంత్రం ఫోను మోగింది.

"చెప్పు."

ఆయన గొంతు సన్నబడి ఉంది. వెనక ఏదో యంత్రం కూత పెడుతోంది.

"చిన్నది పైన ఉన్నది. మంచిగ తింటున్నది," అన్నాను.

"పెద్దది?"

నేను నోరు తెరిచాను. పెళ్ళి ట్రాక్టరు అవతల బండి తోక కనబడక, అంగీ పట్టుకుని ఊపుతున్నా గేటు తియ్యకుండా నిలబడ్డ మనిషి ఆ చివర ఉన్నాడు. నా మాట నమ్మి లోపలికి పోతాడు. నేను చూడలేదు.

"పెద్దదాన్ని చూడలేదు కాకా. ఒక కాలు పైకొచ్చింది."

యంత్రం కూత వినబడుతూనే ఉంది.

"బరువుందా?"

"లేదు."

"వాసన?"

"లేదు."

"అయితె తెల్వదు," అన్నాడు. ఆ మాటలో భయం ఉంది. కానీ గొంతు స్థిరంగా ఉంది, స్టేషన్‌కు కబురు అందిస్తున్నట్టు. "తవ్వకు. పోగు పెట్టు. ఏం చెప్పిన?"

"తవ్వద్దు. పోగు పెట్టాలె."

"ఆ," అని పెట్టేశాడు.

ఆపరేషన్ అయింది. ఆయన లేవలేదు.

దినాలకు నెల్లికుదురు దగ్గరి తండాకు వెళ్ళాను. కూతురు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. బామ్మర్ది నాకు నీళ్ళు తెచ్చిచ్చాడు. తిరిగి బయల్దేరేటప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క మాట అడిగిన తమ్ముడూ నిన్ను," అంది. "ఒక్క మాట. దాంతోని లోపలికి పోతుండె మా బాపు."

ఆయన అడిగింది నిజం, ఆమె అడిగింది నెమ్మది. ఒకే మాటలో రెండూ ఇవ్వగలిగే రోజు కాదది. బస్సులో వచ్చేటప్పుడు నా భయాల వరసలో ఇంకొకటి చేరింది. పెద్దది నిజంగానే చచ్చి ఉంటే, నేను ఆయనకు ఇచ్చింది నిజం కూడా కాదు, ఉత్త అనుమానం.

ఆ తర్వాత ఎవరూ ఫోనులో "చెప్పు" అనలేదు. సాయంత్రం ఆ వేళకు చెయ్యి ఫోను మీదికి పోయేది. అయినా రెండు పోగులు పెట్టడం మానలేదు. ఒకటి చిన్నదానికి. ఒకటి ఉప్పునీళ్ళ గిన్నె పక్కన, కాలు కనబడ్డ చోట.

ఈ ఆదివారం అంగడి నుంచి తెచ్చిన పరకలను కూడా అట్లాగే పెట్టాను. తలతో, కడుపుతో. గోనెసంచి తడిపి కప్పాను.

సోమవారం పొద్దున మూత తీస్తే, పెద్దదాని పోగు పక్కన రెండు శంఖాలు ఉన్నాయి.

ముందు నమ్మలేదు. ఖాళీ శంఖమేమో, చిన్నది లాక్కొచ్చిందేమో అనుకున్నాను. అప్పుడు పెద్ద శంఖం కదిలింది. లోపల్నుంచి కాళ్ళు వచ్చాయి. పాత ఊదారంగు కాదు. కొత్త గోరులా లేతగా, తళతళలాడుతూ, అన్నీ ఉన్నాయి. ఒక్కోటి చూసుకున్నాను. ఎడమ డెక్క పెద్దది, మునుపటి కంటే పెద్దది. అది పరక తలను పట్టుకుని, మొదటి తునక తుంచి నోట్లో పెట్టుకుంది.

ఆయన నంబరుకే చేశాను. వేళ్ళకు అదే తెలుసు. మోగుతుంటే గుర్తొచ్చి పెట్టెయ్యబోయాను. ఎవరో ఎత్తారు.

"హలో." కూతురు. ఫోను ఆమె దగ్గరే ఉన్నట్టుంది.

"అక్కా, నేను," అన్నాను. "పెద్దది పైకొచ్చింది."

అవతల కుర్చీ జరిపినట్టు వినబడింది.

"కండ్లతోని చూసినవా?"

"చూసిన."

"కాళ్ళు?"

"అన్నీ ఉన్నయి. తింటున్నది."

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు కొంచెం గట్టిగా, ఎవరో వెనక నిలబడి వింటున్నట్టు వచ్చింది.

"మళ్ళ చెప్పు తమ్ముడూ. ఏమన్నవ్?"

నేను లేచి నిలబడి, మొదటినుంచి చెప్పాను.